విద్యార్థి మొదటి పొదుపు ఖాతా: వడ్డీ ప్రశ్న, రుసుముల ప్రశ్న

ప్రతి సంవత్సరం చదువుల ప్రారంభంలో పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల నుండి మన పిల్లలు ఎందరో పై చదువుల కోసం తిరుపతికీ, చిత్తూరుకూ చేరుతారు. ఇంటి నుండి వచ్చేది నెలకు మూడు నాలుగు వేల రూపాయలు. భోజనం, బస్సు, పుస్తకాలు పోగా చేతిలో నిలిచేది స్వల్పం. ఆ సొమ్ము భద్రపరచుకోవటానికీ, ఉపకారవేతనం అందుకోవటానికీ బ్యాంకు ఖాతా అవసరం. ఈ విషయంలో మన ఇళ్లలో రెండు ధోరణులు కనిపిస్తాయి. కొందరు వడ్డీ భయంతో బ్యాంకు గడపే తొక్కరు. కొందరు ఏ బ్యాంకు ఎక్కువ వడ్డీ ఇస్తుందని విచారిస్తారు. ఈ రెండింటి వల్లా విద్యార్థికి మేలు లేదు. కారణమేమిటో పరిశీలిద్దాం.

అమానతా, అప్పా?

బ్యాంకులో సొమ్ము "దాచుకున్నాం" అంటాం. కాని ఫిఖ్హ్ దృష్టిలో అమానతు అంటే ఇచ్చిన వస్తువును ఇచ్చినట్టే తిరిగి అప్పగించటం. దానిని వాడుకునే హక్కు పుచ్చుకున్నవానికి లేదు. అతని నిర్లక్ష్యం లేకుండా అది పోతే అతనిపై బాధ్యతా లేదు. బ్యాంకు అలా కాదు. మన సొమ్మును తాను వాడుకుంటుంది, తిరిగి ఇచ్చే పూచీ కూడా పడుతుంది. ఈ రెండు లక్షణాలూ కలిస్తే అది ఖర్జ్, అంటే అప్పు. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) వద్దకు ప్రజలు అమానతులు తెచ్చినప్పుడు, అవి పోతే వారు నష్టపోతారని భయపడి, వాటిని అప్పుగానే స్వీకరించేవారని సహీహ్ బుఖారీ తెలుపుతున్నది.

అప్పుపై ముందుగా నిర్ణయించిన అదనమే రిబా. బఖరా సూరా 275 నుండి 279 వరకు గల ఆయతులలో దీని నిషేధం స్పష్టంగా ఉంది. బ్యాంకు వడ్డీ కూడా రిబాయేనని జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1985 డిసెంబరులో తీర్మానించింది. 1989లో ఈజిప్టు ముఫ్తీ షేఖ్ తంతావీ పొదుపు పత్రాల ఆదాయం విషయంలో వేరు అభిప్రాయం వెలిబుచ్చారు. అయినా మన దేశపు ఉలమాలలో అత్యధికులు మొదటి అభిప్రాయం పైనే ఉన్నారు. అవసరార్థం ఖాతా తెరవటాన్ని వారు అనుమతిస్తారు. జమ అయిన వడ్డీని సొంతానికి వాడుకోకుండా, పుణ్యం ఆశించకుండా, పేదలకు ఇచ్చివేయమంటారు. అది జకాత్‌గా లెక్కకు రాదు.

లెక్క ఏం చెబుతుంది?

స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో పొదుపు ఖాతా వడ్డీని ఏడాదికి రెండున్నర శాతానికి తగ్గించింది. ఆ లెక్కన ఖాతాలో సగటున రెండువేలు నిలిస్తే ఏడాదికి వచ్చేది 50 రూపాయలు. నాలుగు శాతమైనా 80 రూపాయలే. ఇక ఎ.టి.ఎం. సంగతి చూడండి. ఉచిత పరిమితి దాటితే 2025 మే 1 నుండి ఒక్కోసారికి 23 రూపాయల వరకు వసూలు చేయవచ్చు. పరిమితి దాటి మూడుసార్లు సొమ్ము తీస్తే 69 రూపాయలు. ఏడాది వడ్డీ అక్కడే పోయింది. అంటే వడ్డీ కావాలనుకునేవాడైనా, వద్దనుకునేవాడైనా చూడవలసింది ఒక్కటే: ఖాతా నుండి ఎంత కోత పడుతుంది?

బ్యాంకులో అడగవలసినవి

మొదటిది, కనీస నిల్వ ఎంత? కొన్ని ప్రైవేటు బ్యాంకులు పట్టణ శాఖలలో పదివేలు, అంతకు మించి కోరుతాయి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనూ, కెనరా, ఇండియన్, పంజాబ్ నేషనల్ బ్యాంకులు 2025లోనూ సాధారణ పొదుపు ఖాతాలపై ఈ జరిమానా ఎత్తివేశాయి. ఇవిగాక రిజర్వు బ్యాంకు 2012లో ఏర్పరచిన "ప్రాథమిక పొదుపు ఖాతా" ప్రతి బ్యాంకులోనూ లభించాలి. దానికి కనీస నిల్వ అక్కరలేదు, ఎ.టి.ఎం. కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు రుసుము లేకుండా సొమ్ము తీయవచ్చు. అయితే అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండరాదు. బ్యాంకువారు తమంతట తాము చెప్పకపోతే పేరు పెట్టి అడగండి.

రెండవది, ఉపకారవేతనం ఏ ఖాతాకు చేరుతుంది? ఆధార్ ఆధారంగా వచ్చే ప్రభుత్వ సొమ్ము, ఆధార్‌ను చివరిసారి ఏ బ్యాంకులో అనుసంధానించామో అక్కడికే పోతుంది. మా మేనల్లుడు ఊరిలో ఒక ఖాతా ఉండగా తిరుపతిలో మరొకటి తెరిచి, ఫారంలో ఏముందో చదవకుండానే సంతకం చేశాడు. ఉపకారవేతనం రాలేదని రెండు నెలలు కాలేజీ ఆఫీసు చుట్టూ తిరిగాడు. హాస్టలు బాకీకి నేనే అప్పు ఇచ్చాను. తీరా చూస్తే సొమ్ము కొత్త ఖాతాలో భద్రంగానే ఉంది! అందుచేత విద్యార్థికి ఒక్క ఖాతా చాలు. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. దాని పాత పాసుబుక్కులు ఉన్నవారు దరఖాస్తులు నింపే ముందు శాఖ వివరాలు సరిచూసుకోవాలి.

మూడవది, సొమ్ముకు పూచీ ఏది? బ్యాంకు మూతపడినా ఒక్కో ఖాతాదారునికి అయిదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి 4 నుండి ఈ పరిమితి అమలులో ఉంది. "హలాల్ లాభం" అని ప్రచారం చేసే ప్రైవేటు కంపెనీలకు ఇటువంటి రక్షణ లేదు. 2019లో బెంగుళూరులో ఐ.ఎం.ఏ. సంస్థ కూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు తమ కష్టార్జితం పోగొట్టుకున్నాయి. వడ్డీ నుండి తప్పుకోవాలన్న తపన మంచిదే. దానిని ఆసరాగా చేసుకుని మోసగించేవారి పట్ల జాగ్రత్త వహించటం కూడా మన విధి.

చివరగా ఒక ఆచరణ. మూడు నెలలకోసారి పాసుబుక్కు నమోదు చేయించుకుని, వడ్డీ వరుసను గుర్తించి, ఆ మొత్తాన్ని విడిగా వ్రాసి ఉంచండి. సంవత్సరాంతాన అది పన్నెండు రూపాయలైనా సరే, ఒక పేదవానికి ఇచ్చివేయండి. పదిహేడేళ్ల పిల్లవానికి ఈ చిన్న లెక్క అలవాటైతే, రేపు జీతం అందుకున్ననాడు పెద్ద లెక్కలోనూ తడబడడు.