కార్డుపై చీరల అమ్మకము – పి.హెచ్.పి.లో చెల్లింపు ఏర్పాటు

షోలాపురము దుప్పటియైనను, బరంపురము పట్టుచీరయైనను, సేలము పట్టుపంచెయైనను నేసిన ఊరిలోనే అమ్ముడుపోవలెనను నియమము ఎన్నడును లేదు. పూర్వము మూటగట్టి సంతకో, షావుకారు కొట్టుకో చేర్చిన సరకును నేడు మన కుటుంబములలో కొందరు సొంత వెబ్‌సైటుపై పెట్టి దూరదేశములకు సైతము పంపుచున్నారు. అట్లు కొనువారు క్రెడిట్ కార్డుపై సొమ్ము చెల్లింతుమని అడుగుదురు. ఈ ఏర్పాటులో చిన్న లోపమున్నను, నెలరోజుల మగ్గపు కష్టము సొమ్ము చేతికి రాకుండగనే గడప దాటిపోవును. అందుచే దీని వివరములను సభ్య కుటుంబముల ముందుంచుచున్నాము.

వెబ్‌సైటు వెనుక నిలిచి పనిచేయు భాషలలో పి.హెచ్.పి. ప్రసిద్ధమైనది. రాస్మస్ లెర్డార్ఫ్ దీనిని 1994లో ప్రారంభించి 1995లో లోకమునకు విడుదలచేసెను. దీనికి వెల లేదు. తక్కువ అద్దెకు దొరకు సర్వరుపై కూడ నడచును. మన ఇండ్లలో చదువుకొన్న పిల్లలు పలువురు దీనిని ఎరుగుదురు.

కార్డు సంఖ్య మనది కాదు

మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి: కొనువారి కార్డు సంఖ్య మన సర్వరుపైకి రానేకూడదు. సంఖ్య, గడువు తేదీ, సి.వి.వి. అడుగు ఫారమును మన పేజీలోనే పెట్టి, వాటిని దాచుకొనుట కష్టము కాదు. కాని ఆ భద్రతాభారమును మోయుట చిన్న సంఘమునకు శక్యము కాదు. కార్డు కంపెనీలు 2004లో ప్రకటించిన పి.సి.ఐ. డి.ఎస్.ఎస్. అను నియమావళి ప్రకారము, చెల్లింపునకు అనుమతి వచ్చిన పిమ్మట వ్యాపారి సి.వి.వి.ని నిలువచేయరాదు. మన దేశమున రిజర్వు బ్యాంకు ఉత్తరువువలన 2022 అక్టోబరు 1 నుండి కార్డు ఇచ్చిన బ్యాంకును, కార్డు నెట్‌వర్కును తప్ప మరెవ్వరును కార్డు సంఖ్యను దాచరాదు. లెక్కలు సరిచూచుకొనుటకు చివరి 4 అంకెలు మాత్రము ఉంచుకొనవచ్చును.

కావున నడుమ చెల్లింపు గేట్‌వే కావలెను. కార్డు వివరములను అది తన పేజీలో తీసుకొని, బ్యాంకుతో మాట్లాడి, సొమ్మును మన ఖాతాకు చేర్చును. దీనిలో చేరుటకు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరములు అడుగుదురు. వెబ్‌సైటులో ధర, పంపు గడువు, వాపసు నియమములు స్పష్టముగా వ్రాసియుండవలెను.

పని జరుగు క్రమము

గేట్‌వేవారు రెండు తాళములిత్తురు. ఒకటి బహిరంగము, రెండవది రహస్యము. రహస్యపు తాళమును పేజీలోని జావాస్క్రిప్టులో వ్రాయరాదు. వెబ్‌సైటు ఫోల్డరుకు వెలుపలనున్న ఫైలులో ఉంచవలెను.

కొనువారు చీరను ఎంచుకొనగానే బ్రౌజరు నుండి మన పి.హెచ్.పి.కి చీర నంబరు మాత్రమే రావలెను. ధరను మన డేటాబేసు నుండియే తీసుకొనవలెను. బ్రౌజరు పంపిన ధరను నమ్మినచో, తెలివి మీరినవాడొకడు 6,000 రూపాయల చీరకు 6 రూపాయలని మార్చి పంపగలడు. పెక్కు గేట్‌వేలు మొత్తమును పైసలలో అడుగును. 6,000 రూపాయలను 6,00,000 పైసలుగా, దశాంశ బిందువు లేని పూర్ణాంకముగా పంపవలెను. గేట్‌వే ఒక ఆర్డరు నంబరు ఇచ్చును. దానిని ‘సొమ్ము రాలేదు’ అను గుర్తుతో పద్దులో చేర్చుకొనవలెను.

పిమ్మట కొనువారు గేట్‌వే పేజీలో కార్డు వివరములు నింపుదురు. భారతదేశపు కార్డులకు ఆన్‌లైనులో రెండవ ధ్రువీకరణ 2009 ఆగస్టు 1 నుండి తప్పనిసరి అయినది. ఫోనుకు వచ్చు ఓ.టి.పి. అందరెరిగినదే. విదేశపు కార్డులకు ఈ నిబంధన వర్తింపదు గనుక, వాటిపై వచ్చు పెద్ద ఆర్డర్లను మరింత జాగ్రత్తగా చూడవలెను.

చెల్లింపు ముగియగానే కొనువారు మన పేజీకి తిరిగి వత్తురు. తెరపై ‘సొమ్ము చెల్లినది’ అని కనబడినంతమాత్రమున చీర కట్టరాదు. గేట్‌వే ఆర్డరు నంబరు, చెల్లింపు నంబరులతోపాటు ఒక ముద్రను పంపును. మన పి.హెచ్.పి. రహస్యపు తాళముతో, హాష్ హెచ్‌మాక్ అను ఫంక్షను ద్వారా అదే ముద్రను తాను లెక్కకట్టి, రెంటిని హాష్ ఈక్వల్స్ అను ఫంక్షనుతో పోల్చవలెను. మామూలు రెండు సమచిహ్నములతో పోల్చినచో, అంకెలవలె కనబడు రెండు వేర్వేరు మాటలను పి.హెచ్.పి. ఒకటేనని భ్రమపడు సందర్భములు గలవు.

కొనువారి ఫోను నడుమ ఆగిపోయిన సొమ్ము చెల్లియు కబురు మనకు రాకపోవచ్చును. ఇందుకే వెబ్‌హుక్ అను ఏర్పాటున్నది: గేట్‌వే నేరుగా మన సర్వరుకు కబురంపును. దాని ముద్రను కూడ సరిచూడవలెను. ఒకే కబురు రెండుమార్లు రావచ్చును గనుక, ఒక చెల్లింపు నంబరు పద్దులో ఒక్కసారియే ఎక్కునట్లు డేటాబేసులో కట్టుదిట్టము చేయవలెను.

మన సరకుకు మరొక చిక్కు గలదు. మిల్లు గుడ్డవలె ఒకే రకము వందలుండవు. ఒక్కొక్క చీర ఒక్కటే. ఇద్దరు ఒకే సమయమున కొనబోయిన ఒకరికి నిరాశ తప్పదు. చెల్లింపు మొదలుకాగానే చీరను పదిహేను నిమిషములు కేటాయించి, గడువు దాటిన తిరిగి అమ్మకమునకు వదలుట మేలు. అటుపై ఆలస్యముగా సొమ్ము వచ్చి, చీర లేనిచో, వెంటనే వాపసు చేయవలెను.

సంఖ్య సరిచూచు లెక్క

కార్డు సంఖ్యలో అంకె తప్పిన గేట్‌వే వెంటనే పట్టుకొనును. ఆ లెక్కను కల్పించిన హాన్స్ పీటర్ లూన్ మన వృత్తికి దూరపువాడు కాదు. అమెరికాలో వస్త్ర పరిశ్రమలో పనిచేసి, గుడ్డలో పోగుల సంఖ్యను కొలుచు లూనోమీటరు అను పరికరమును కనిపెట్టినవాడు. పిమ్మట ఐ.బి.యం.లో చేరి, 1954లో ఈ లెక్కకు పేటెంటు కోరగా 1960లో లభించెను.

కుడినుండి లెక్కించి రెండవ, నాల్గవ, ఆరవ స్థానములలోని అంకెలను ఇట్లే రెట్టింపు చేయవలెను. రెట్టింపు 9 దాటిన, 9 తీసివేయవలెను. అన్నియు కూడిన మొత్తము 10చే నిశ్శేషముగా భాగింపబడవలెను. పరీక్షలకు వాడు 4111 1111 1111 1111 అను సంఖ్యకు మొత్తము 30 వచ్చును గనుక సరియైనది. చివరి అంకెను 2 చేసిన 31 అగును, తప్పు పట్టుబడును. అయితే పోగుల లెక్క కుదిరినంతమాత్రమున రంగు నిలుచునని చెప్పలేము. అట్లే సంఖ్య కుదిరినంతమాత్రమున ఖాతాలో సొమ్మున్నదనుకొనరాదు.

ఖర్చు, తగాదా

రూపే డెబిట్ కార్డుకు, యు.పి.ఐ.కి వ్యాపారి రుసుము 2020 జనవరి 1 నుండి రద్దయినది. క్రెడిట్ కార్డుకు మాత్రము గేట్‌వేతో ఒప్పందము ప్రకారము రుసుము ఇవ్వవలెను. 2 శాతమనుకొన్నచో 6,000 రూపాయల చీరపై 120 రూపాయలు, దానిపై 18 శాతము జి.యస్.టి. 21.60, మన ఖాతాకు 5,858.40 చేరును. ధర నిర్ణయించునపుడే దీనిని లెక్కలో వేసుకొననిచో కోత మజూరీపై పడును.

కొనువారు తమ బ్యాంకుకు ఫిర్యాదుచేసిన సొమ్ము వెనుకకు పోవచ్చును. బిల్లు, కొరియరు రసీదు, మడత విప్పి తీసిన చీర ఫోటో భద్రపరచినవారు తమ వాదమును నిలుపుకొనగలరు. గేట్‌వే జమ జాబితాను ఆర్డరు పద్దుతో ప్రతిదినము సరిచూచు పనిని ఇంటిలో లెక్కలు వ్రాయు పెద్దలకే అప్పగించుట మంచిది.

అమ్మకము తెరచుటకు ముందు పరీక్షా తాళములతో ఐదు పనులు చేసి చూడవలెను: సవ్యమైన చెల్లింపు, తిరస్కృతమైన చెల్లింపు, నడుమ ఆపిన చెల్లింపు, ఒకే చీరకు ఇద్దరు పోటీపడుట, వాపసు. ఈ ఐదింటను పద్దు, ఖాతా, చీర మూడును ఒకేమాట చెప్పిన నాడు నిశ్చింతగా అమ్మకము ప్రారంభింపవచ్చును.