నిష్పత్తి చెడకుండా ఛాయాచిత్రాన్ని కత్తిరించడం

ఛాయాచిత్రంలో అనవసరమైన అంచులను తొలగించి, కావలసిన భాగాన్ని మాత్రమే ఉంచుకొనడాన్ని కత్తిరింపు లేదా క్రాపింగ్ అంటారు. మిగిలిన భాగపు వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మూలచిత్రపు నిష్పత్తితో సమానంగా ఉండేటట్లు కత్తిరించడం ఇందులో ఒక పద్ధతి. కత్తిరింపు వేరు, పరిమాణం మార్చడం వేరు. పరిమాణం మార్చేటపుడు నిష్పత్తి తప్పితే ముఖాలు సాగినట్లో, నొక్కుకుపోయినట్లో కనిపిస్తాయి. కత్తిరింపులో ఆ వికారం కలుగదు. నిష్పత్తి తప్పిన సంగతి చిత్రాన్ని అచ్చు వేయించినపుడు బయటపడుతుంది.

నిష్పత్తులు, కాగితపు కొలతలు

35 మి.మీ. ఫిల్ముపై ఒక్కొక్క చిత్రం 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. అనగా నిష్పత్తి 3:2. జర్మనీలో 1925లో విడుదలైన లైకా కెమెరాతో ఈ కొలత వ్యాప్తిలోకి వచ్చినది. డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో అధికభాగం దీనినే అనుసరిస్తాయి. చిన్న డిజిటల్ కెమెరాలు, సెల్ ఫోన్లలో ఎక్కువగా కనిపించేది 4:3. స్టూడియోలలో వాడే 6×4 అంగుళాల కాగితం నిష్పత్తి 3:2 కాగా, 10×8 అంగుళాల కాగితం నిష్పత్తి 5:4.

4:3 చిత్రాన్ని 6 అంగుళాల వెడల్పుకు పెంచితే దాని ఎత్తు 4.5 అంగుళాలు అవుతుంది. కాగితం ఎత్తు 4 అంగుళాలే. కాగితం నిండేటట్లు అచ్చు వేసినపుడు పైన పావు అంగుళం, క్రింద పావు అంగుళం, అనగా చిత్రంలో తొమ్మిదవ వంతు పోతుంది. పాఠశాల బృంద చిత్రాలలో వెనుక వరుసవారి తలలు తెగిపోవడానికి ఇది ఒక కారణం. కాబట్టి కాగితం, మూలచిత్రం ఒకే నిష్పత్తిలో ఉన్నపుడు మూల నిష్పత్తిని నిలుపుకొనుట మేలు. లేనిచో కాగితపు నిష్పత్తిలోనే ముందుగా కత్తిరించుకొనవలెను. అపుడు ఏది పోవలెనో నిర్ణయించేది యంత్రం కాదు, చిత్రం గలవారే.

గణిత సూత్రం

ఉన్నత పాఠశాలలో చదివే సరూపత ఇక్కడ పనికివస్తుంది. మూలచిత్రానికి కర్ణం గీసి, దాని ఒక కొనను శీర్షంగా తీసుకొని, ఎదుటి శీర్షం ఆ కర్ణంపైనే ఉండేటట్లు లోపల గీసిన ఏ దీర్ఘచతురస్రమైనా మూలచిత్రానికి సరూపమే. దానిని తిప్పకుండా ఎటు జరిపినా నిష్పత్తి మారదు. కంప్యూటర్లు రాక పూర్వం పత్రికల పుటలను కూర్చేవారు బొమ్మల కొలతలను ఈ కర్ణపద్ధతితోనే తేల్చుకొనేవారు.

గింప్‌లో చేయు విధానం

గింప్ ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దీనిని 1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ ప్రారంభించారు. ఇందులో చిత్రాన్ని తెరచి, షిఫ్ట్ మీటతో పాటు సి మీటను నొక్కితే క్రాప్ పనిముట్టు వస్తుంది. దాని ఐచ్ఛికాలలో 'ఫిక్స్‌డ్' అనే గడిలో టిక్కు పెట్టి, ప్రక్కన 'యాస్పెక్ట్ రేషియో' ఎంచుకొనవలెను. అంకెలు మార్చకపోతే మూలచిత్రపు నిష్పత్తియే వర్తిస్తుంది. 3:2 అని వ్రాస్తే ఆ నిష్పత్తి వస్తుంది. మౌస్‌తో చట్రం గీసి, సరియైన చోటికి జరిపి, ఎంటర్ నొక్కితే కత్తిరింపు పూర్తవుతుంది. ఫోటోషాప్‌లో ఇదే పనికి 'ఒరిజినల్ రేషియో' అనే ఐచ్ఛికం ఉన్నది.

కోల్పోయే వివరాలు

నిష్పత్తి నిలిచినా పిక్సెళ్ళు నిలువవు. 3000×2000 చిత్రంలో 60 లక్షల పిక్సెళ్ళుంటాయి. ప్రతి భుజాన్నీ సగం చేస్తే 1500×1000, అనగా 15 లక్షలు మాత్రమే మిగులుతాయి. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 6×4 కాగితానికి 1800×1200 పిక్సెళ్ళు కావలెను. 1500×1000 చిత్రాన్ని ఆ కాగితంపై అచ్చు వేస్తే అంగుళానికి 250 వస్తాయి. తేడా అంతగా కనిపించదు. అదే చిత్రాన్ని 12×8 అంగుళాలకు పెంచితే అంగుళానికి 125 మాత్రమే ఉండి, మసకబారుతుంది.

తెగిన అంచులను దాచిన ఫైలు నుండి తిరిగి రాబట్టడం సాధారణంగా సాధ్యం కాదు. 2012లో వచ్చిన 2.8 సంచిక నుండి గింప్‌లో 'సేవ్' అంటే ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుగానే దాచబడుతుంది. జెపెగ్ చిత్రంగా కావాలంటే 'ఎక్స్‌పోర్ట్ యాజ్' ద్వారా వేరొక పేరు ఇవ్వవలెను. 'ఓవర్‌రైట్' ఎంచుకొన్నచో మూలచిత్రం స్థానంలో కత్తిరించినదే మిగులుతుంది.