రోగశయ్యయు మనోబలమును

రోగిని చూడబోయినవారెల్లరును తప్పక పలుకు మాట యొకటి గలదు. బత్తాయిపండ్ల సంచి క్రిందబెట్టి, మంచము ప్రక్కన గూర్చుండి, "ధైర్యముగా నుండుము, ధైర్యమే సగము మందు" అందురు. మాట మంచిదే, చెప్పువారి మనస్సును మంచిదే. కాని మిగిలిన సగమేదో చెప్పువారు తక్కువ. ఆ ధైర్యమును రోగి యే పనికి వినియోగింపవలయునో చెప్పువారు మఱియు తక్కువ. మనోబలమొక్కటి యున్న జాలును, మందులు నామమాత్రములే యని చెప్పు ఉపన్యాసములును పుస్తకములును ఈ కాలమున మిక్కుటముగా బయలుదేరినవి. కావున ఈ విషయమును నిదానముగా విచారించుట యవసరమని మాకు తోచినది.

మనోబలమున గాంధీమహాత్ముని మించినవారిని మే మెఱుగము. అట్టివాడు మంచము పట్టినప్పుడేమి జరిగెనో ఆయనయే తన యాత్మకథలో దాపరికము లేక వ్రాసియున్నాడు. 1918వ సంవత్సరమున ఖేడా జిల్లాలో సైన్యమునకు మనుష్యులను జేర్చు పనిమీద గ్రామగ్రామమునకు తిరిగి యాయన యలసియుండెను. కడుపులో నలతగా నున్నను, ఒక పండుగనాడు కస్తూరిబాయి చేసియుంచిన తీపి గోధుమజావను, పెసలను చూచి మనస్సును నిలుపుకొనలేక భుజించెను. గంట గడువకమునుపే జిగటవిరేచనములు ప్రబలెను. మందు పుచ్చుకొననని పట్టుపట్టెను. నానాటికి శరీరము శుష్కించెను. ఒక రాత్రి తనకు కాలము సమీపించినదని నిశ్చయించుకొని అనసూయాబెన్ గారికి కబురంపెను. వల్లభభాయి పటేలు వైద్యుని వెంటబెట్టుకొని వచ్చెను. నాడి బాగుగనే యున్నది, ప్రాణభయము లేదు, ఇది దౌర్బల్యమువలన గలిగిన మనోవికారము మాత్రమే యని వైద్యుడు చెప్పెను. అయినను రోగికి నమ్మకము కుదురలేదు. కంటికి కునుకు లేకయే తెల్లవారెను.

పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెనని మా కోరిక. మనోబలమునకు మాఱుపేరైన పురుషుడే రోగశయ్యపై అధైర్యపడెను. దానిని దాచుకొనక వ్రాసికొనెను. ఇక మన యింటి రోగి ఒక రాత్రి కంట తడిపెట్టినచో, "నీకు గుండెదిటవు చాలదు" అని మందలించుటకు మనకెక్కడి యధికారము?

తరువాతి కథ యింకను గమనింపదగినది. పాలు పుచ్చుకొన్నగాని శరీరమును బాగుచేయలేనని బొంబాయి వైద్యుడు దలాలుగారు చెప్పిరి. సూదిమందులకు సమ్మతించెదను గాని పాలు త్రాగనని నాకు వ్రతము గలదని మహాత్ముడనెను. ఆవుపాలు, గేదెపాలు గదా వ్రతమునాటి తలంపు, మేకపాలకేమి యడ్డమని కస్తూరిబాయి యడిగెను. మహాత్ముడు లొంగిపోయెను. సత్యాగ్రహము సాగింపవలెనను కోరిక తనకు బ్రదుకుపై నాశ పుట్టించెననియు, వ్రతము నక్షరమును నిలుపుకొని భావమును భంగపఱచితిననియు ఆయనయే యొప్పుకొనెను. 1919వ సంవత్సరమున రౌలటు చట్టముపై దేశమును మేల్కొల్పినవాడు ఆ మేకపాలు త్రాగి లేచినవాడే. మనోబలము రోగమును దానంతట తాను పోగొట్టలేదు. బ్రదుకవలెనను కోరిక యిచ్చినది, ఆ కోరిక పథ్యమును అంగీకరింపజేసినది.

అయిదేండ్లకు మరల నదియే జరిగెను. యెరవాడ చెఱలో నున్నప్పుడు ఆంత్రపుచ్ఛము వాచి, 1924 జనవరి 12వ తేదీ రాత్రి పూనాలోని సాసూన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స యవసరమయ్యెను. వైద్యుడు కర్నల్ మాడక్ గారు, అనగా చెఱబెట్టిన ప్రభుత్వమువారి యుద్యోగియే. హిందస్వరాజ్యమను గ్రంథమున పాశ్చాత్యవైద్యమును తీవ్రముగా నిరసించిన మహాత్ముడు శ్రీనివాసశాస్త్రిగారి సమక్షమున సమ్మతిపత్రముపై సంతకము చేసి, కత్తికి శరీరమప్పగించెను. నడుమ విద్యుద్దీపము లారిపోగా లాంతరు వెలుతురున చికిత్స ముగించిరి. ఆ రాత్రి ధైర్యము రోగియందును గలదు, వైద్యునియందును గలదు. కాని వాచిన ఆంత్రమును తీసివేసినది కత్తియే.

మనస్సునకు శరీరముపై బొత్తిగా ప్రభావమే లేదా యనినచో, కలదు. 1978లో అమెరికాలో పన్ను తీయించుకొనిన కొందఱికి మందని చెప్పి మందు కానిదానిని సూదితో నెక్కించిరి. కొందఱికి నొప్పి తగ్గెను. నల్లమందు జాతి యౌషధముల శక్తిని హరించు నాలొక్సోను నిచ్చినంతనే ఆ యుపశమనము పోయెను. అనగా నమ్మకము వలన దేహమే తన నొప్పిమందును తయారుచేసికొనుచున్నదన్నమాట. ఇది చిన్న విషయము కాదు. కాని నొప్పి వేఱు, వ్రణము వేఱు. తల, మెడ భాగములందు క్యాన్సరు గల 1,093 మంది రోగులను పరిశీలించి 2007లో ప్రకటించిన యొక విచారణలో, మనస్సు కుదుటగా నున్నవారు ఎక్కువకాలము జీవించిరనుటకు ఆధారమేమియు కనబడలేదు. ఉల్లాసముగా నున్నవారును పోయిరి, దిగులుపడినవారును బ్రదికిరి. ధైర్యము చాలక చనిపోయినాడని శవము చెంత నిలిచి చెప్పువారు ఈ సంగతి తెలిసికొనవలెను. ఆ మాట విన్న భార్యకు, తల్లికి అది జీవితాంతము పోని ముల్లు.

మనోబలమునకు నిజమైన కార్యక్షేత్రము మన దేశమున క్షయరోగమునందు కనబడును. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్రైస్తవసంఘములవారు క్షయచికిత్సాలయమును తెఱచిరి. అప్పటికి ఆ రోగమునకు మందు లేదు. మంచిగాలి, మంచి యాహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవే చికిత్స. ధైర్యమనగా నాడు కదలక పండుకొనియుండుట. 1943లో స్ట్రెప్టోమైసిను, 1952లో ఐసోనియాజిడు వచ్చిన పిదప పరిస్థితి మాఱెను. 1956లో మద్రాసునగరమున 193 మంది పేదరోగులను రెండు భాగములు చేసి, కొందఱిని చికిత్సాలయమునందును, కొందఱిని వారి యిరుకు గుడిసెలయందే యుంచి ఏడాదిపాటు మందులిచ్చిరి. ఇంటివారికి తిండి చాలదు, విశ్రాంతి లేదు. అయినను ఫలితమించుమించు సమానముగా వచ్చెను. 1959లో ప్రకటింపబడిన ఆ ఫలితము ప్రపంచమందలి క్షయచికిత్సనే మార్చివేసెను. ఆ పరిశోధకులు చెప్పకుండ రోగుల యిండ్లకుబోయి మాత్రలు లెక్కించుచు, మూత్రమును పరీక్షించుచు వచ్చిరి. ఎందుకనగా, మ్రింగిన మందే పనిచేయును గాని అలమరలోని మందు పనిచేయదు గదా!

ప్రపంచమందలి క్షయరోగులలో నించుమించు నాలుగవవంతు నేటికిని మన దేశముననే యున్నారు. సాధారణ క్షయకు మందులు ఆఱునెలలు వాడవలెను. రెండునెలలకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒడలు కొంచెము నిండును. రోగము పోయినదని రోగికి తోచును. కడుపులో త్రిప్పుట మాత్రము మానదు. కోతల కాలము వచ్చును, లేదా కొట్టు తెఱువవలసి యుండును. ఇంట పెండ్లికెదిగిన పిల్ల యున్నచో ప్రభుత్వాసుపత్రికి పోవుచు నలుగురి కంటబడుటకు జంకు. అచ్చట మందుల చెలామణి నిలిచిపోవును. మిగిలిన క్రిములు మందునకు లొంగని క్రిములై తిరుగబడును. ఆ రెండవ రోగమును కుదుర్చుట మొదటిదానికంటె ఎంతో కష్టము. కృశించినప్పుడు చూపిన ధైర్యము కంటె, కోలుకొన్నట్లు తోచినప్పుడు చూపవలసిన పట్టుదలయే యెక్కువదని మే మనుకొనుటకు కారణమిదియే.

ఇక చుట్టములు, స్నేహితులు. మొదటివారము గుమ్మములో చెప్పులు పెట్టుటకు తావుండదు. బత్తాయిపండ్లు మ్రగ్గిపోవుచుండును. నాలుగవనెలలో ఆ గుమ్మము తొక్కువారుండరు. ఆసుపత్రిలో మందులు ఉచితముగానే యిత్తురు. అచ్చటికి తోడువచ్చి వరుసలో నిలుచువాడొకడు మాత్రము ఆ రోగికి అప్పుడే కావలసియుండును.