ఓడలో భోజనం: మొదటి బంతా, రెండో బంతా?

మన పెళ్ళి దావత్‌లలో బంతుల సంగతి అందరికీ తెలిసిందే. మొదటి బంతిలో పెద్దలూ, పిల్లలూ, దూరం నుంచి వచ్చిన చుట్టాలూ కూర్చుంటారు. బిర్యానీ డేగ్ అడుగు కనిపించే వేళకు ఇంటివారు కూర్చుంటారు. ఏ బంతిలో తినాలి అని ఎవరూ ముఫ్తీ సాబ్‌ను అడగరు. అయితే ఇదే ప్రశ్న విహారయాత్రకు వెళ్ళే ఓడలో ఎదురైతే మాత్రం అది నమాజు వేళలతో ముడిపడుతున్నది. అందువల్ల దీని గురించి నాలుగు మాటలు చెప్పుకోవలసి వస్తున్నది.

మన పెద్దలకు ఓడ అంటే హజ్ ఓడే. బొంబాయిలో ఓడ ఎక్కి, వారం పైగా సముద్రం మీద గడిపి జిద్దాలో దిగినవారు మన ఊళ్ళలో ఇంకా కొందరు ఉన్నారు. 1995లో ఆ సముద్రయానం ఆగిపోయింది. ఇప్పుడు మన పిల్లలు చెప్పే ఓడలు వేరు. అమెరికాలో స్థిరపడిన కొడుకులూ, కూతుళ్ళూ సెలవుల్లో తల్లిదండ్రులను పిలిపించుకుని మయామీ నుంచో, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచో కరీబియన్ దీవులకు తీసుకువెళుతున్నారు. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసేవారు ఇటీవలి చలికాలాల్లో దుబాయి నుంచి వెళ్ళివచ్చారు. 2022లో విశాఖపట్నం నుంచి కూడా ఇటువంటి ఓడ ఒకటి పుదుచ్చేరికి, చెన్నైకి నడిచింది. హలాల్ సంపాదనతో తల్లిదండ్రులకు సముద్రం చూపించడంలో తప్పేమీ లేదు. ఓడలు నీటిని చీల్చుకుంటూ పోవడం తన అనుగ్రహాలలో ఒకటని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (16:14) గుర్తుచేశాడు.

ఓడలో వేల మంది ఉంటారు. పెద్ద భోజనశాలలో అందరూ ఒకేసారి పట్టరు. అందుచేత రాత్రి భోజనం రెండు బంతులుగా పెడతారు. మొదటిది సాయంత్రం 5.30కో, 6 గంటలకో మొదలవుతుంది. రెండోది 8 నుంచి 8.30 మధ్య మొదలవుతుంది. ఒక్కొక్కటి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు సాగుతుంది. వరుసగా మూడు నాలుగు రకాలు తెచ్చి పెడతారు గనుక మన హోటళ్ళలో లాగా ఇరవై నిమిషాలలో లేచి రావడం కుదరదు. ఏ బంతి కావాలో టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి. యాత్ర ముగిసేదాకా అదే వేళ, అదే బల్ల, వడ్డించే మనిషి కూడా అతనే.

టికెట్లు అమ్మేవారి సలహా ఒకటే. పిల్లలూ ముసలివారూ ఉంటే మొదటి బంతి, పెద్దవాళ్ళే అయితే రెండో బంతి. సలహా చెడ్డదేమీ కాదు. కానీ అందులో పొద్దు గుంకే వేళకు చోటు లేదు. దాన్ని లెక్క వేసుకోవలసింది మనమే.

ఇక్కడే మనవారు పొరబడుతున్నారు. గుంటూరులో గానీ, హైదరాబాదులో గానీ మగ్రిబ్ వేళ ఏడాది మొత్తం మీద గంట, గంటంబావు మాత్రమే అటూ ఇటూ జరుగుతుంది. గుంటూరులో నవంబరు చివర సుమారు ఐదున్నరకు పొద్దు గుంకితే, జూన్ చివర పావుతక్కువ ఏడుకు గుంకుతుంది. పుట్టి పెరిగిన ఊరి అలవాటు కొద్దీ మగ్రిబ్ అంటే ఆరు, ఆరున్నర అని మన మనసులో నాటుకుపోయింది. మయామీ లెక్క అది కాదు. అక్కడ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. పైగా ఆ ఊరు మనకంటే ఉత్తరాన ఉంది. డిసెంబరులో సుమారు 5.30కే పొద్దు గుంకుతుంది, జూన్ చివర 8.15 దాకా గుంకదు. అంటే దాదాపు రెండు గంటల నలభై అయిదు నిమిషాల తేడా! చలికాలానికి సరిపడిన బంతి వేసవిలో మగ్రిబ్‌తో ఢీకొంటుంది.

నా చదువు రోజుల మిత్రుడొకరు, గుంటూరు జిల్లా వాస్తవ్యులు, కొడుకు దగ్గరకు టెక్సాస్ వెళ్ళారు. కొడుకు గాల్వెస్టన్ నుంచి కరీబియన్ యాత్రకు టికెట్లు తీసుకుని, రెండో బంతి, రాత్రి 8.15 ఎంచుకున్నాడు. "అబ్బా, మగ్రిబ్ చదువుకుని నెమ్మదిగా వెళ్ళి తినవచ్చు, తొందర ఉండదు" అన్నాడట. ఉద్దేశం మంచిదే. యాత్ర జూలై మొదటి వారంలో. ఆ వారంలో గాల్వెస్టన్‌లో పొద్దు గుంకేది సుమారు 8.20కి! భోజనానికి కూర్చున్న అయిదు నిమిషాలకు మగ్రిబ్ వేళ వస్తుంది. భోజనం ముగిసేసరికి పది అవుతుంది. సంధ్యకాంతి పూర్తిగా పోయి మగ్రిబ్ వేళ దాటిపోవడానికి సుమారు గంటన్నరే పడుతుంది. మిత్రుడికి ఇది కాకుండా ఇంకో బాధ ఉంది. భార్యకు షుగర్ జబ్బు. మాత్రలు వేసుకుని ఎనిమిదింపావు దాకా ఆగడం ఆమెకు కష్టం. ఆరేళ్ళ మనవడు ఆ వేళకు నిద్రకు తూగుతాడు. ఫోన్లో నాతో అన్న మాట ఇది: "నేను మధ్యలో లేచి గదికి వెళ్ళి చదువుకుని వస్తాను. కానీ నేను లేస్తే కోడలు కంచం వదిలేసి కూర్చుంటుంది, కొడుకు మొహం చిన్నబుచ్చుకుంటాడు. నా మూలంగా అందరి భోజనం పాడవుతుంది కదా మౌల్వీ సాబ్?"

భోజనానికీ నమాజుకూ మధ్య ఇటువంటి ఇరకాటాన్ని దైవప్రవక్త (స) ఏనాడో తీర్చిపెట్టారు. రాత్రి భోజనం ఎదుట పెట్టి ఉండగా నమాజుకు ఇఖామత్ వినిపిస్తే ముందు భోజనం చేయమని ఆయన ఆదేశించినట్లు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలో హదీసులున్నాయి. హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనంలో మగ్రిబ్ నమాజు ప్రస్తావన కూడా ఉంది. హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర) ఇమాం ఖిరాత్ చెవిన పడుతున్నా భోజనం ముగించాకే లేచేవారని కూడా బుఖారీలోనే ఉంది. ఆకలితో మనసు కంచం మీద ఉంటే సజ్దాలో నుదురు మాత్రమే నేల మీద ఉంటుంది. ఆ స్థితి రాకూడదనే ఈ వెసులుబాటు.

అయితే దీన్ని సాకుగా చేసుకోరాదు. నమాజు వేళ దాటిపోయే ప్రమాదం ఉంటే నమాజే ముందు అని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. ఇబ్నె ఉమర్ (ర) ముందున్నది నాలుగు ముద్దల భోజనం. ఓడలోది రెండు గంటల విందు. రెంటికీ ఒకే కొలత పెట్టకూడదు.

మిత్రుడి కుటుంబానికి మొదటి బంతి మేలని చెప్పాను. బయలుదేరిన రోజు 6 గంటలకు కూర్చుంటే పావుతక్కువ ఎనిమిదికి లేవవచ్చు. మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉంటుంది. ఓడ దక్షిణానికి, తూర్పుకు పోయేకొద్దీ ఓడ గడియారం ప్రకారం పొద్దు ముందుగా గుంకుతుంది. మెక్సికో వద్ద కొజుమెల్ దీవిలో ఆ నెలలో సుమారు ఏడున్నరకే గుంకుతుంది. ఆ రోజున మొదటి బంతి వారు చివరి తీపి పదార్థానికి ఆగకుండా లేస్తే చాలు. రెండో బంతి వారికి ఆ మధ్య రోజులు సుఖమే గానీ మొదటి రోజూ, చివరి రోజూ ఇబ్బందే.

మొదటి బంతిలో అసర్ విషయం మరువరాదు. హనఫీ మజ్హబ్ ప్రకారం జూన్ నెలలో మయామీ ప్రాంతంలో అసర్ వేళ మొదలయ్యేదే ఆరు దాటాక. మనవారిలో అత్యధికులు హనఫీలే గనుక ఆరుకు భోజనానికి కూర్చున్నవారు బల్ల దగ్గర నుంచి నేరుగా అసర్‌కు వెళ్ళాలి. పొద్దు పసుపెక్కేదాకా జాప్యం చేయడం మక్రూహ్. భోజనం కాగానే డెక్ మీద తమాషా చూద్దామని పిల్లలు లాగుతారు, అక్కడే అసర్ జారిపోతుంది.

చలికాలంలో లెక్క తిరగబడుతుంది. డిసెంబరులో 5.30 బంతి తీసుకుంటే సరిగ్గా మగ్రిబ్ వేళకు బల్ల దగ్గర ఉంటారు, లేచేసరికి వేళ దాటిపోతుంది. అదే 6 గంటల బంతి అయితే మగ్రిబ్ చదువుకుని వెళ్ళవచ్చు. రెండో బంతి అయితే మగ్రిబ్, ఇషా రెండూ ముగించుకుని నిశ్చింతగా కూర్చోవచ్చు. దుబాయి కూడా ఇంచుమించు మయామీ అక్షాంశం మీదే ఉంది. డిసెంబరులో అక్కడా సుమారు 5.30కే మగ్రిబ్. కాబట్టి గల్ఫ్‌లోని మనవారికీ ఇదే లెక్క. జూన్‌లో అలాస్కా వెళ్ళేవారికి ఈ చిక్కే లేదు, జూనో పట్టణంలో పొద్దు గుంకేది రాత్రి పది ప్రాంతంలో. అక్కడ చిక్కంతా ఇషాతో. సంధ్యకాంతి తెల్లవార్లూ పోదు. ఆ ప్రాంతపు ముస్లింలు ఏ పట్టిక అనుసరిస్తున్నారో ముందే కనుక్కుని వెళ్ళడం మంచిది.

రమజాన్‌లో ప్రయాణం పడితే ముసాఫిర్‌కు రోజా వాయిదా వేసుకునే అనుమతి ఉన్నది. రోజా ఉండదలచినవారు ఖర్జూరాలు గదిలోనే ఉంచుకుని, ఇఫ్తార్, మగ్రిబ్ అక్కడే ముగించుకుని రెండో బంతికి వెళ్ళడం సుఖం.

ఈమధ్య చాలా ఓడలలో ఇష్టమైన వేళకు వచ్చి తినే పద్ధతి కూడా పెట్టారు. రోజూ మారే మగ్రిబ్‌ను బట్టి మనమూ వేళ మార్చుకోవచ్చు గదా అని కొందరు దాన్నే మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం నిర్ణీత బంతే మేలనిపిస్తుంది. వడ్డించే మనిషి ఒకడే అయితే పంది మాంసం వద్దనీ, సారాయి పోసి వండిన పులుసు వద్దనీ మొదటి రోజు చెబితే చాలు, మర్నాటి నుంచి అతనే గుర్తుపెట్టుకుని ఏది తినవచ్చో చెబుతాడు. మనిషి మారినప్పుడల్లా ఈ పాఠం మొదటి నుంచీ చెప్పవలసిందే. రోజూ చెప్పుకోవడానికి మొహమాటపడి చివరకు ఏదో ఒకటి తినేసే మనవారిని చూస్తున్నాం. హలాల్ మాంసం కావాలంటే టికెట్టు కొనేటప్పుడే రాతపూర్వకంగా అడగాలి. ఓడ ఎక్కాక అడిగితే దొరకకపోవచ్చు. దొరకకపోతే చేపలూ, కూరగాయలూ ఉండనే ఉన్నాయి. చేప విషయంలో పేచీ లేదు. రొయ్యల మీద మాత్రం హనఫీ ఉలమాలలో రెండు అభిప్రాయాలున్నాయి, నెల్లూరు వారికి ఏది నచ్చుతుందో నేను చెప్పనక్కర్లేదు. పీతలు మాత్రం హనఫీలకు ధర్మసమ్మతం కావు.

బల్ల విషయం బంతికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఏమీ అడగకపోతే ఎనిమిది, పది మంది కూర్చునే బల్ల దగ్గర అపరిచితులతో కలిపి కూర్చోబెట్టవచ్చు. వారి ముందు వైన్ సీసా ఉంటుంది. మద్యం తిరిగే భోజనపు బల్ల వద్ద కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు తిర్మిజీలో హదీసు ఉంది. మా కుటుంబానికి వేరే బల్ల కావాలని ముందే రాసి అడిగితే సాధారణంగా ఇస్తారు. ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. ఎంత తిన్నా కడుపు నిండటం లేదని సహచరులు చెప్పుకున్నప్పుడు, విడివిడిగా తింటున్నారేమోనని అడిగి, అందరూ కలిసి బిస్మిల్లాహ్ చెప్పి తినమనీ, అందులో బర్కత్ ఉన్నదనీ దైవప్రవక్త (స) బోధించారు. అందుకే కొందరు చేస్తున్నట్టు పిల్లలనూ దాదీనీ పై అంతస్తులోని బఫేకు పంపేసి భార్యాభర్తలు రెండో బంతికి వెళ్ళడం నాకు నచ్చదు. పిలిపించుకున్నది కలిసి ఉండటానికే కదా! ఇంటిల్లిపాదిలో ఎవరు ఎక్కువసేపు ఆకలికి ఆగలేరో వారి వేళే అందరి వేళ కావాలి.

కోరిన బంతి దొరకని సందర్భాలూ ఉంటాయి. మొదటి బంతి త్వరగా నిండిపోతుంది. అప్పుడు ఓడ ఎక్కిన రోజునే భోజనశాల పెద్ద మేనేజరును కలిసి అడగాలి. రానివారి ఖాళీలు ఆనాడే తేలుతాయి. నా మిత్రుడి కొడుక్కి ఆ విధంగానే 6 గంటల బంతి దొరికింది. దొరకకపోతే మగ్రిబ్ ఢీకొనే రోజున బల్ల దగ్గరకు పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వస్తామని వడ్డించే మనిషికి ముందు రోజే చెప్పి, పొద్దు గుంకగానే మూడు రకాతులు గదిలో చదువుకుని వెళ్ళాలి. ప్రయాణంలో జుహ్ర్, అసర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులకు తగ్గుతాయి గానీ మగ్రిబ్ మూడు మూడే. షాఫయీ, హంబలీ మజ్హబుల వారికి ప్రయాణంలో మగ్రిబ్‌ను ఇషాతో కలిపి చదివే అనుమతి ఉంది. హనఫీలకు ఆ అనుమతి లేదు. మగ్రిబ్‌ను దాని వేళ చివరలో, ఇషాను దాని వేళ మొదట్లో పక్కపక్కన చదువుకోవచ్చు, అంతే.

గదులు ఇరుకుగా ఉంటాయి, ఇద్దరు పక్కపక్కన నిలబడటానికి మంచం కాస్త జరపాలి. కరీబియన్ సముద్రం నుంచి ఖిబ్లా ఈశాన్యంగా ఉంటుంది. ఓడ ఏ దిక్కుకు పోతున్నదో చూపే ఛానల్ చాలా ఓడలలో గది టీవీలోనే వస్తుంది, దాన్నిబట్టి దిశ తేల్చుకోవచ్చు. నమాజు మధ్యలో ఓడ తిరిగినట్లు తెలిస్తే మనమూ ఖిబ్లా వైపుకు తిరగాలి. గడియారం మాత్రం ఓడవారు ప్రకటించే వేళకే పెట్టుకోవాలి. దీవుల దగ్గర సెల్‌ఫోన్ ఆ దీవి వేళకు తనంతట తానే మారిపోతుంది, భోజనశాల తలుపు మాత్రం ఓడ వేళకే మూస్తారు.