కౌన్సెలర్ దగ్గరికి ఫస్ట్ టైమ్ వెళ్తున్నారా? లోపల ఏం జరుగుతుందంటే..

కౌన్సెలర్ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకుని నెలలు గడిచిపోతాయి. కాల్ బటన్ దాకా వేలు వెళ్తుంది.. అక్కడే ఆగిపోతుంది. 'పిచ్చి అనుకుంటారేమో', 'ఇంట్లో తెలిస్తే ఎలా', 'రేపు పెళ్లి సంబంధాలు వస్తాయా' అని వంద డౌట్లు. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే 'ఎర్రగడ్డకి పంపించాలి' అని జోకులేసే చోట ఈ భయం ఉండటంలో వింతేమీ లేదు.

ఇంకొందరు ధైర్యం చేసి ఒక్కసారి వెళ్తారు. 'అన్నీ అడిగారు, ఏమీ చెప్పకుండా పంపించేశారు' అని మళ్లీ అటు వైపు చూడరు. నిజానికి మొదటి సెషన్ ఉండేదే అలా. ఆ విషయం ముందే తెలిస్తే మధ్యలో మానేయాల్సిన పని ఉండదు.

ముందుగా ఫారం

వెళ్లగానే ఒక ఫారం ఇస్తారు. పేరు, వయసు, వాడుతున్న మందులు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి.. ఇలాంటివి ఉంటాయి. కొన్నిచోట్ల పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి కూడా ఇస్తారు. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో 9 ప్రశ్నల్లో అడుగుతారు. మొత్తం స్కోరు 27. స్కోరు ఎక్కువ వచ్చిందని కంగారు పడొద్దు. అది జబ్బుని తేల్చే టెస్ట్ కాదు, పరిస్థితిని అంచనా వేయడానికి వాడే కొలత మాత్రమే.

మొదటి సెషన్‌లో ఏం అడుగుతారు?

సెషన్ సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. ఇప్పుడే ఎందుకు వచ్చారు? ఎప్పటి నుంచి ఇలా ఉంది? ఇంట్లో ఎవరెవరు ఉంటారు? నిద్ర పడుతోందా? చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? ఈ చివరి ప్రశ్న వినగానే కొందరు ఉలిక్కిపడతారు. అది అనుమానంతో అడిగేది కాదు, దాదాపు అందరినీ అడిగేదే.

అన్నీ ఆ రోజే చెప్పేయాలని రూలేమీ లేదు. 'దీని గురించి తర్వాత మాట్లాడతాను' అంటే సరిపోతుంది. ఏడుపొస్తే ఏడవచ్చు. మాటలు రాకపోతే కాసేపు మౌనంగా కూర్చోవచ్చు. ఇంగ్లిష్‌లో చెప్పలేకపోతే, తెలుగు మాట్లాడే కౌన్సెలర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మనసులో బాధ ఏ భాషలో ఉంటే ఆ భాషలో చెప్పుకోవడమే తేలిక.

చెప్పింది బయటికి పోతుందా?

అందరికీ ఉండే అసలు భయం ఇదే. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఇచ్చింది. అయితే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరికో ముప్పు ఉందనిపిస్తే, కోర్టు ఆదేశిస్తే అవసరమైనంత వరకు చెప్పాల్సి రావచ్చు. పిల్లలపై లైంగిక దాడి విషయం తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం రిపోర్ట్ చేయాల్సిందే. ఏ విషయం ఎవరికి చెబుతారో మొదటి రోజే నేరుగా అడిగేయండి. మంచి కౌన్సెలర్లు ఈ ప్రశ్నకి ఇబ్బంది పడరు.

సలహా ఇవ్వలేదేంటి?

'ఉద్యోగం మానేయాలా? విడాకులు తీసుకోవాలా?' అని అడిగితే కౌన్సెలర్ అవుననీ కాదనీ చెప్పకపోవచ్చు. సలహాలివ్వడానికి చుట్టాలున్నారు, పక్కింటివాళ్లున్నారు. కౌన్సెలర్ పని వేరు. ఏం జరిగినప్పుడు మనసు ఎటు పోతోంది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది మీకే కనిపించేలా చేస్తారు. మీ నిర్ణయం మీరే తీసుకునేలా సాయం చేస్తారు. కొన్నిసార్లు హోంవర్క్ కూడా ఉంటుంది. కోపం వచ్చిన ప్రతిసారీ ముందు వచ్చిన ఆలోచన ఏంటో రాసుకోమనడం లాంటివి.

మొదటి సెషన్ తర్వాత మనసు తేలికపడొచ్చు. ఇంకాస్త బరువెక్కొచ్చు కూడా. ఏళ్లుగా మూసిపెట్టిన విషయం బయటికి తీస్తే అలా అనిపించడం మామూలే. వీలైతే ఆ రోజు పెద్ద పనులు పెట్టుకోకండి. ఎన్ని సెషన్లు పడతాయన్నది సమస్యని బట్టి ఉంటుంది. 3, 4 సార్లు వెళ్లాక 'ఏమైనా మార్పు ఉందా?' అని ఇద్దరూ కలిసి చూసుకోవాలి.

కుదరకపోతే మార్చేయొచ్చు

మీ మాట పూర్తిగా వినకుండా తీర్పులు చెబుతున్నారా? మీ కులం గురించో, పెళ్లి గురించో నీతులు చెబుతున్నారా? ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అది మీ తప్పు కాదు.

కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న అందరి చదువూ ఒకటి కాదు. ఏం చదివారు, ఎన్నేళ్ల అనుభవం ఉందని అడగడంలో తప్పు లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ మందులు రాయరు. మందులు అవసరం అనిపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఈ విభాగంలో స్పెషలైజేషన్ చేసిన డాక్టర్. ఫీజు ఎంత, అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తే డబ్బు పోతుందా అన్నది కూడా ముందే కనుక్కోండి.

డబ్బు లేకపోతే?

కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. నంబర్ 14416. ఫ్రీ కాల్, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. అడ్మిట్ అవ్వాల్సిన పని లేకుండా, అక్కడ ఓపీలో చూపించుకుని ఇంటికి వచ్చేయొచ్చు.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే 14416కి కాల్ చేయండి. దగ్గర్లో ఉన్న మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. ప్రాణాపాయం ఉంటే 112కి కాల్ చేయండి.

మొదటి సెషన్‌కి వెళ్లే ముందు ఏం చెప్పాలో తెలియకపోతే ఫోన్ నోట్స్‌లో రెండు లైన్లు రాసుకోండి. అది కూడా కుదరకపోతే లోపలికి వెళ్లి 'ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు' అనండి. అక్కడి నుంచి మాట కలపడం కౌన్సెలర్ పని.