షుగర్ ఉన్నవాళ్లూ బూస్టర్ డోసు వేయించుకోవచ్చు: 2022 సెప్టెంబర్ 30 వరకు ఉచితంగా వేశారు

జంగారెడ్డిగూడెం పట్టణం, చుట్టుపక్కల మండలాల లబ్ధిదారులకు

కోవిడ్ టీకా రెండు డోసులూ అయి ఆరు నెలలు దాటినవారు 2022లో మూడో డోసుకు అర్హులయ్యారు. ప్రభుత్వం దీన్ని ‘ప్రికాషన్ డోసు’ అంది, మనమంతా బూస్టర్ అన్నాం. రెండూ ఒకటే. 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ 2022 జులై 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు ప్రభుత్వ కేంద్రాల్లో దీన్ని ఉచితంగా వేశారు. ఇంతకుముందు రెండో డోసుకు, బూస్టర్‌కు మధ్య తొమ్మిది నెలలు ఆగాల్సి వచ్చేది. 2022 జులై నుంచి దాన్ని ఆరు నెలలకు తగ్గించారు.

ఈ డోసు దగ్గర షుగర్ ఉన్నవాళ్లు కొందరు వెనకాడేవారు. ‘ఇప్పుడు షుగర్ ఎక్కువగా ఉంది, తగ్గాక వేయించుకుంటాలే’ అనే మాట తరచూ వినిపించేది. ఈ కాగితం వారి కోసమే. మీకు షుగర్ లేకపోయినా, ఇంట్లో అమ్మకో నాన్నకో అత్తగారికో ఉంటే చదివి వినిపించండి.

షుగర్ ఎంత ఉంటే టీకా వేయరు?

అలాంటి నెంబరు ఏదీ లేదు. పరగడుపున 130 ఉన్నా, 230 ఉన్నా టీకా వేయించుకోవచ్చు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఏడు దాటిందని కూడా ఎవరూ వెనక్కి పంపరు. టీకా కేంద్రంలో 2022లో షుగర్ రిపోర్టు అడగలేదు, డాక్టర్ సర్టిఫికెట్ కూడా అడగలేదు. 2021 మార్చిలో 45 నుంచి 59 ఏళ్ల వారికి టీకా మొదలుపెట్టినప్పుడు జబ్బు ఉన్నట్టు సర్టిఫికెట్ తేవాల్సి వచ్చేది. అది గుర్తుండి కొందరు 2022లోనూ కాగితాల కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగారు. అప్పటికి ఆ అవసరం లేదు.

ఆగాల్సిన సందర్భాలు కొన్నే. ఆ రోజు జ్వరం ఉంటే తగ్గాక రండి. కోవిడ్ వచ్చి తగ్గితే, తగ్గిన రోజు నుంచి మూడు నెలలు ఆగండి. ముందు డోసుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరి ఆడక ఇబ్బంది పడి ఉంటే డాక్టర్‌ను అడగకుండా వేయించుకోవద్దు. షుగర్ 300 దాటి విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం ఉంటే టీకా వరుసలో నిలబడకండి, నేరుగా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఆ షుగర్‌కు వెంటనే వైద్యం కావాలి, కుదుటపడ్డాక టీకా వేయించుకోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లకే ఎందుకింత గట్టిగా చెబుతున్నారు?

రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే, క్రిములతో పోరాడే తెల్లకణాలు చురుగ్గా పనిచేయవు. కాలికి తగిలిన చిన్న దెబ్బ నెలల తరబడి మానకపోవడం మీరు చూసే ఉంటారు. ఊపిరితిత్తుల్లోకి వైరస్ చేరినప్పుడు జరిగేదీ దాదాపు అదే. పైగా కోవిడ్ ముదిరితే ఇచ్చే స్టెరాయిడ్ మందులు షుగర్‌ను ఇంకా పెంచుతాయి.

2021 మే నెల గుర్తు చేసుకోండి. రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ అనే మాట ఇంటింటా వినిపించింది. కన్ను, ముక్కు, దవడ దెబ్బతిన్నవారిలో చాలామంది షుగర్ అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు వాడినవారు. అప్పుడే మన రాష్ట్రంలో ఆ జబ్బు చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. కార్డు ఉండి చికిత్స దొరకడం మంచిదే. ఆ చికిత్స దాకా వెళ్లకుండా ఉండటం అంతకంటే మంచిది.

మొదటి రెండు డోసులు ఇచ్చిన రక్షణ నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. మూడో డోసు దాన్ని మళ్లీ పెంచుతుంది. బూస్టర్ వేయించుకున్నా కోవిడ్ రావచ్చు. కానీ ఆసుపత్రిలో చేరే పరిస్థితి, ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతాయి.

టీకా వేసుకుంటే షుగర్ పెరుగుతుందా?

కొందరికి కొద్దిగా పెరుగుతుంది. ఎందుకో తెలిస్తే భయం ఉండదు. టీకా పడగానే శరీరం నిజంగా శత్రువు వచ్చినట్టే సిద్ధమవుతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు అందుకే వస్తాయి. ఆ సమయంలో శరీరం విడుదల చేసే కొన్ని హార్మోన్ల వల్ల కాలేయం తన దగ్గర దాచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ కూడా మామూలుగా చేసినంత పని చేయలేదు. అందుకే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా ఒకటి రెండు రోజులు నెంబరు పెరిగి కనిపించవచ్చు. సాధారణంగా రెండు మూడు రోజుల్లో మళ్లీ పాత స్థాయికి వస్తుంది.

ఆ నెంబరు చూసి కంగారుపడి మాత్ర రెట్టింపు చేయకండి. మూడో రోజు దాటినా 250 కంటే తగ్గకపోతే మీ ఏఎన్ఎంకు చెప్పండి, లేదా పీహెచ్‌సీ డాక్టర్‌కు చూపించండి.

టీకా రోజు చేయాల్సింది

పరగడుపున రావద్దు. ఇది అన్నిటికంటే ముఖ్యం. రక్తపరీక్షకు తినకుండా వచ్చే అలవాటు కొద్దీ చాలామంది టీకాకు కూడా ఖాళీ కడుపుతో వస్తారు. మరికొందరు పొద్దున్నే మాత్ర మాత్రం మింగి, ‘వచ్చాక తిందాంలే’ అని బయలుదేరతారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని గానీ, ఇన్సులిన్ తీసుకుని గానీ తినకుండా వరుసలో కూర్చుంటే షుగర్ 70 కంటే కిందకు పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అప్పుడే సూది పడిందనుకోండి, ‘టీకా వికటించింది’ అని ఊరంతా ప్రచారం అవుతుంది. నిజానికి అక్కడ పడిపోయింది షుగర్.

అందుకే రోజూ తినే వేళకు టిఫిను తినండి. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, ఏది అలవాటైతే అది. రోజూ వేసుకునే మాత్రలు, ఇన్సులిన్ రోజూ లాగే తీసుకోండి. టీకా ఉందని ఏదీ మానవద్దు. శ్రావణ శుక్రవారాలు, మద్ది ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లే మంగళవారాలు ఉపవాసం ఉండేవారు టీకాకు వేరే రోజు పెట్టుకోండి.

జేబులోనో కొంగులోనో నాలుగు చెంచాల పంచదార పొట్లం కట్టి ఉంచుకోండి. షుగర్ పడిపోయిన లక్షణాలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

టీకా వేసే ముందే నర్సమ్మకు షుగర్ ఉందని చెప్పండి. గుండె జబ్బుకు రక్తం పల్చబడే మందులు వాడుతుంటే అదీ చెప్పండి. సూది తీసిన తర్వాత దూదితో కాసేపు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. తొందర పడి వెళ్లకండి.

ఇన్సులిన్ చేతికి తీసుకునేవారు రెండు మూడు రోజులు టీకా వేసిన చోట పొడుచుకోవద్దు. పొట్టకో తొడకో తీసుకోండి.

ఆ తర్వాత మూడు రోజులు

చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం, నీరసం మామూలే. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు. మెడికల్ షాపులో అడిగి గట్టి నొప్పి మాత్రలు వేసుకోకండి. షుగర్ వల్ల కిడ్నీలు ఇప్పటికే బలహీనపడిన వారికి అవి చేటు చేస్తాయి. లివర్ జబ్బు ఉన్నవారు పారాసిటమాల్‌కు కూడా డాక్టర్‌ను అడగాలి.

ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే మూడు రోజులు పొద్దున, సాయంత్రం చూసుకుని ఒక కాగితం మీద రాసుకోండి. మిషన్ లేనివారు రెండో రోజో మూడో రోజో మీ ఊరి హెల్త్ క్లినిక్‌లో చూపించుకోండి. 104 వాహనంలోనూ షుగర్ పరీక్ష, మాత్రలు ఉచితమే.

జ్వరం వల్ల అన్నం సహించకపోతే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. తినకుండా మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోతుంది, మాత్ర పూర్తిగా మానేస్తే పెరిగిపోతుంది. కాబట్టి ఏదో ఒకటి కొంచెం కొంచెంగా కడుపులో పడేలా చూసుకోండి. గంజి, జావ, మజ్జిగ అన్నం, పాలు ఏవైనా సరే. నీళ్లు ఎక్కువగా తాగండి. ఒక పూట పూర్తిగా తినలేకపోతే ఆ పూట మాత్ర సంగతి ఏఎన్ఎంనో డాక్టర్‌నో అడిగి నిర్ణయించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు సొంతంగా పూర్తిగా ఆపవద్దు. ఎంత తగ్గించాలో డాక్టర్ చెబుతారు.

వాంతులు ఆగకపోయినా, షుగర్ 300 దాటి దిగకపోయినా, ఆయాసం, ఛాతీ నొప్పి, మగత ఉన్నా టీకా వల్లే అనుకుని ఇంట్లో కూర్చోకండి. జంగారెడ్డిగూడెం ఏరియా ఆసుపత్రికో దగ్గరలోని పీహెచ్‌సీకో వెళ్లండి. కదల్లేకపోతే 108.

ఏ టీకా? ఎక్కడ? ఏం తీసుకెళ్లాలి?

2022లో మొదటి రెండు డోసులు కోవిషీల్డ్ అయితే బూస్టర్ కూడా కోవిషీల్డే, కోవాగ్జిన్ అయితే కోవాగ్జినే ఇచ్చారు. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ తయారు చేసిన కోర్బెవాక్స్‌ను ఈ రెండింటిలో ఏది వేసుకున్నవారికైనా బూస్టర్‌గా ఇవ్వడానికి 2022 ఆగస్టులో అనుమతి వచ్చింది. 

2022లో ఏరియా ఆసుపత్రిలో, పీహెచ్‌సీల్లో వేశారు. గ్రామ, వార్డు సచివాలయం దగ్గర ఏ రోజు వేస్తారో ఏఎన్ఎం, వాలంటీరు చెప్పేవారు. ఆధార్ కార్డు, మీ షుగర్ మందుల చీటీ తీసుకెళ్లండి. మొదటి డోసుకు ఇచ్చిన ఫోన్ నెంబరు తప్పనిసరిగా గుర్తుంచుకోండి. చాలామంది పెద్దవాళ్లకు అది కొడుకుదో పక్కింటివారిదో వాలంటీరుదో అయి ఉంటుంది. వేరే నెంబరు చెబితే కోవిన్‌లో పాత డోసులు కనిపించేవి కావు, మళ్లీ మొదటి డోసుగా నమోదు చేసే ప్రమాదం ఉండేది.

2022 జులైలో వచ్చిన గోదావరి వరదలకు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఇళ్లు వదిలి వెళ్లిన కుటుంబాలకు ఒక మాట. టీకా సర్టిఫికెట్ కాగితం తడిసిపోయినా, పోయినా దిగులు లేదు. వివరాలు కోవిన్‌లో ఉంటాయి. షుగర్ మాత్రలు పోయినవారు టీకా కోసం ఎదురుచూడకుండా ముందు పీహెచ్‌సీలో మాత్రలు తీసుకుని మొదలుపెట్టండి. నీళ్లలో మునిగిన ఇన్సులిన్ గానీ, రోజుల తరబడి ఎండలో ఉన్న ఇన్సులిన్ గానీ వాడకండి.

టీకా వేయించుకోకపోతే పింఛను ఆగుతుందా?

ఆగదు. టీకా స్వచ్ఛందం. ఎవరినీ బలవంతం చేయకూడదని సుప్రీంకోర్టు 2022 మే 2న స్పష్టం చేసింది. పింఛనుకు, రేషనుకు దీనితో ముడి లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే నమ్మకండి. బెదిరింపుకు కాదు, మీ మేలు తెలుసుకుని రండి.

2022 సెప్టెంబర్ 30 తర్వాత కూడా 60 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగానే వేశారు. 18 నుంచి 59 ఏళ్ల వారికి ఉచితం ఆ తేదీ వరకే ప్రకటించారు. 2022లో ప్రైవేటు ఆసుపత్రిలో అయితే డోసుకు 225 రూపాయలు, ఆపైన సర్వీసు చార్జి 150 రూపాయల వరకు, పన్ను అదనంగా ఉండేవి. కూలి పనికి వెళ్లే నలభై, యాభై ఏళ్ల షుగర్ మనిషికి అది అప్పట్లో ఒక రోజు కూలి. వారాల తరబడి షుగర్ తగ్గేదాకా చూద్దామనుకుంటే నష్టపోయేది ముందు వాళ్లే.

షుగర్ తగ్గించుకునే పని రోజూ చేసేదే, ఈ నెలలో మొదలై ఈ నెలలో అయిపోయేది కాదు. టీకా పని ఒక పూటలో అయిపోతుంది. టీకా వేయించుకునే రోజు టిఫిను తిని, మాత్ర వేసుకుని, ఆధార్ పట్టుకుని బయలుదేరండి.