కందిరీగ ఫిరంగి

ఫిరంగి యనగానే గోలకొండ బురుజులపైని భారీ తోపులు మనకు స్ఫురించును. వాటిని కదలింపవలెనన్న ఎడ్లజతలు బారులు తీరవలెను. ఆ జాతిలోనే ఒక చిన్నది కలదు. దానిని ఇద్దరు మనుష్యులు మోయగలరు. గోడమీద నాటిన పిమ్మట ఒక్కడే తోక పట్టుకొని ఎటు కావలసిన అటు త్రిప్పగలడు. పారసీక భాషలో దీనిని జంబూరక్ అందురు. జంబూర్ అనగా కందిరీగ. చూచుటకు చిన్నదే, కుట్టినప్పుడు గదా తెలియును!

ఐరోపా, అమెరికా ఖండములలో నేడు ఇట్టి చిన్న ఫిరంగులను స్వయముగా చేసికొని నల్లమందుతో పేల్చుట కొందరికి వేడుక. అమెరికాలో 1950వ సంవత్సరమున మొదలైన ఒక సంఘము అక్కడి అంతర్యుద్ధకాలపు ఆయుధములతో గురిపందెములు నడుపుచున్నది. అందు ఫిరంగుల పందెములును కలవు. మన నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమలో ఈ వేడుకకు తావు లేదు. ఎందుకు లేదో ముందు చెప్పెదము. కాని ఆ వస్తువునకును ఈ సీమకును బొత్తిగా చుట్టరికము లేదనుకొనరాదు.

మొదట మాటనే తీసికొందము. ఫిరంగీ యనగా ఐరోపావాడు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసు ఓడల అంచులపై అమర్చిన త్రిప్పుడు ఫిరంగులను చూచిన తూర్పుదేశములవారు మనిషి పేరునే ఆయుధమునకు తగిలించిరి. చైనావారు 1520 తరువాత అట్టివానిని చేజిక్కించుకొని, తామును పోత పోసికొని, ఫొలాంగ్‌జీ యని పిలిచిరి. అదియు మన ఫిరంగియే, చీనా నాలుకపై వంకర తిరిగినది. కాబట్టి నేడు మనము పెద్ద తోపులకు వాడు మాట ఒకప్పుడు ఈ చిన్నదానికి సొంతము. మొగలాయీలకును ఇట్టివి గలవు. అబుల్ ఫజల్ తన అయీనె అక్బరీలో ఏనుగుపై మోయు గజనాళ్లను, ఒక్క మనిషి మోయు నరనాళ్లను పేర్కొనెను. ఒంటెపై అమర్చినదానికి శుతర్‌నాల్ అని పేరు. 1761లో పానిపట్టున అహమ్మద్ షా అబ్దాలీ ఒంటెల ఫిరంగులు మరాఠాలను ఎంత నొప్పించినవో చరిత్ర చదివినవారు ఎరుగుదురు.

ఇక మన సీమకు వత్తము. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు ప్రాచీనమార్గము ఈ మెట్టమీదుగనే సాగినది. 1611లో ఆంగ్లేయులు ఆ రేవున కోఠీ తెరచిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చియుండిరి. వారి ఓడల అంచులపై త్రిప్పుడు ఫిరంగులుండుట నాటి ఆచారము. ఇనుమునకును కొరత లేదు. నూజివీడు ప్రాంతమున రమణక్కపేటలో ఇనుము కరగించు కొలుములనుగూర్చి బెంజమిన్ హైన్ అను వైద్యుడు వ్రాసిన వర్ణన 1814లో అచ్చయిన ఆయన గ్రంథమున కలదు. కొండపల్లి కోట 1766లో ఆంగ్లేయుల వశమైనది. బేతవోలును పెంచి తండ్రి పేర జగ్గయ్యపేట యని పిలిచిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కాలమునాటికి జమీందారులు ఇంకను సాయుధపరివారముతో మెలగుచునే యుండిరి. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయముతో పోలీసు అధికారము వారినుండి పోయినది. క్రమముగా ఆ పరివారములును, వారి ఆయుధములును మూలబడెను.

దీని నిర్మాణము చూడ చాల సులభము. ఒకటి రెండు అంగుళముల రంధ్రముగల దళసరి గొట్టము, వెనుక మూయబడియుండును. గొట్టమునకు ఇరుప్రక్కల రెండు మొలకలు. అవి పంగలకర్రవంటి ఇనుప పంగలో కూర్చుండును. అందుచేత మూతి పైకి క్రిందికి ఆడును. పంగ క్రింద చీల. ఆ చీల గోడలోనో దూలములోనో ఉన్న బెజ్జమున దిగును. అందుచేత కుడి యెడమలకు తిరుగును. రెండు కదలికలను ఒక్క చేయి నడపుటకే వెనుక తోక. పెద్ద తోపు పేలినప్పుడు బండితో సహా వెనుకకు దొరలును. దీనికి ఆ అవకాశము లేదు. ఆ తాకుడంతయు చీలయు, దానిని పట్టిన గోడయు భరింపవలెను. గోడ బలహీనమైనచో శత్రువుకంటె ముందు పేల్చువానికే ముప్పు. వెనుక భాగమున రంజకమునకు సన్నని చెవి యుండును. దానికి జామగి తాకింతురు. దూరపు గురికి ఇది పనికిరాదు. గుప్పెడు సీసపు గుండ్లు నింపి, నిచ్చెనలు వేసికొని గోడ నెక్కువారిపై ప్రయోగించుట దీని ముఖ్యోపయోగము.

నల్లమందున మూడే వస్తువులు: సూరేకారము, గంధకము, బొగ్గు. మండుటకు కావలసిన ప్రాణవాయువును సూరేకారము తనలోనే దాచికొని తెచ్చును; అందుచేతనే మూసిన గొట్టములోనైనను మందు మండును. బొగ్గు ఇంధనము. గంధకము తొందరగా అంటుకొనుటకు తోడ్పడును. పాతదిబ్బల మట్టిని, పశువులు కట్టిన చోటి మట్టిని నీట కడిగి, ఆ నీటిని కాచి, సూరేకారము తీయుట మనదేశమున పెద్ద వృత్తిగా నుండెను. బీహారు సూరేకారమునకై ఐరోపా కంపెనీలు పోటీపడెను. శుక్రనీతి జిల్లేడు, జెముడు కట్టెల బొగ్గును చెప్పుచున్నది. ఆ భాగము తరువాత చేర్చినదని పండితులు పలువురు తలంతురు. దానిని చూపి మన పూర్వులు వేల ఏండ్ల క్రిందటనే తుపాకులు కాల్చిరనుట తుపాకిరాముని కబుర్లే యగును.

ఆరుబయట పోసి అంటించినచో ఈ మందు భుస్సుమని మండిపోవును, అంతే. ఇరుకున బంధించినప్పుడే దాని బలము. పుట్టిన వాయువు పోవుటకు దారి చాలక గొట్టపు గోడలను నొక్కును. తిరునాళ్ళలో అవుట్లు అంత మోత చేయుటకు కారణమిదియే. మందు మండగా మిగులుదానిలో సగమునకు పైగా వాయువు కాదు, ఘనపదార్థము. అదియే ఆ తెల్లని దట్టమైన పొగ, గొట్టములోని మసి. ఆ మసి చెమ్మను పీల్చి ఇనుమును తినివేయును. అంతకంటె పెద్ద అపాయము, గొట్టములో అణగియుండు నిప్పురవ్వ. దానిని తడిగుడ్డతో ఆర్పక రెండవసారి మందు దట్టించినవాని చేతులు ఎగిరిపోయిన ఉదంతములు ఫిరంగుల చరిత్ర పొడుగునను కలవు.

గొట్టమే బ్రద్దలగుట ఇంకొక విధము. ఇనుప పట్టెలను కాల్చి అతికి, కట్లు బిగించి చేసిన గొట్టములలో అతుకు ఎక్కడ వదలినదో పైకి తెలియదు. పోత గొట్టములలో లోపలి బుడగయు అట్టిదే. 1460 ఆగస్టు 3న రాక్స్‌బరో కోట ముట్టడిలో స్కాట్లండు రాజు రెండవ జేమ్సు ప్రక్కన తన ఫిరంగియే పగిలి మరణించెను. రాజుగారి ఫిరంగి కాబట్టి ఆ కాలపు ఉత్తమశిల్పులే చేసియుందురు. మరి నీళ్ల గొట్టమును కోసి, ఒక కొన మూసి అతికించి పేల్చిచూతమను కుఱ్ఱవాండ్ర సంగతి చెప్పవలెనా? నీటిని మోయుటకు చేసిన అతుకు మందు వేగమునకు ఆగదు. పగిలినచో ముక్కలు ముక్కలుగా పగులును.

మన చట్టము ఈ విషయమున నిక్కచ్చిగా నున్నది. 1959 నాటి ఆయుధ చట్టము అనుమతిపత్రము లేక తుపాకులు చేయుటను, ఉంచుటను నిషేధించుచున్నది. ఫిరంగులనైతే నిషిద్ధాయుధములలోనే చేర్చినది. మందు తయారీ, నిలువ 1884 నాటి పేలుడుపదార్థముల చట్టమునకు, 2008 నాటి నిబంధనలకు లోబడును.

పాతకోట దిబ్బలు త్రవ్వునప్పుడు గాని, చెరువు పూడిక తీయునప్పుడు గాని త్రుప్పుపట్టిన గొట్టము దొరకినచో ఏమి చేయవలెను? ఇది ఊహాప్రశ్న కాదు. న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కువారి సొత్తుగా నున్న పదునెనిమిదవ శతాబ్దపు ఫిరంగిని 2013 జనవరిలో శుభ్రపరచుచుండగా అందు మందు, దూది, గుండు దట్టించినవి దట్టించినట్లే కనబడెను. ఆ మందు ఇంకను పేలగలిగినదే! అంతవరకు ఎందరు దానిప్రక్కన నిలుచుండి చూచిపోయిరో. కావున దొరకినదాని మూతికి ఎదురుగా నిలువరాదు, లోపల గునపము పెట్టి పొడువరాదు, సుత్తితో కొట్టరాదు, కొలిమిలో పెట్టరాదు, పాత ఇనుము బేరగానికి తూచి యీయరాదు. ముందుగా పోలీసులకు తెలుపవలెను. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరకిన పది రూపాయలకు మించు విలువగల వస్తువును కలెక్టరునకు తెలియజేయుటయు విధియే.

చేతిపని మీద మక్కువగలవారికి కొండపల్లి దగ్గరనే యున్నది. బొమ్మలవారు వాడు తెల్లపొణికి కఱ్ఱ తేలిక, మెత్తన. ఉలికి సులువుగా లొంగును. గొట్టము, మొలకలు, పంగ, చీల, తోక, ఈ ఐదింటిని జానెడు పొడవున చెక్కి కూర్చినచో రెండు కదలికలును అచ్చముగా కనబడును. రంధ్రము మాత్రము మూతివద్ద అంగుళము లోతు చాలును.